సెలవులకు వచ్చిన అక్క

ప్రియమైన పిల్లలూ,

"అక్క హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిందని సంతోషపడ్డాను. కానీ పొద్దెక్కేదాకా పడుకుంటుంది, పిలిస్తే విసుక్కుంటుంది. నేనంటే ఇష్టం పోయిందా అమ్మమ్మా?" అని మీలో ఒకరు నన్ను అడిగారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

నిద్ర సంగతి తేలిక. పరీక్షల ముందు రాత్రుళ్లు మేలుకున్న బాకీ ఒకటుంటుంది. పైగా పన్నెండు, పదమూడేళ్లు దాటాక ఒంట్లో గడియారం ఆలస్యంగా నడుస్తుంది. ఇంచుమించు 20 ఏళ్ల దాకా అలాగే ఉంటుంది. అది బద్ధకం కాదు, పడుకోనివ్వండి.

మిగతాది చెప్పడమే కష్టం. ప్రతి ఇంటికీ ఒక వాసన ఉంటుంది. రోజూ అందులోనే ఉండే మీకు అది తెలియదు, ఎందుకంటే ఎప్పుడూ ఉండే వాసనను మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. నెలల తర్వాత వచ్చిన అక్కకు గుమ్మంలోనే తగులుతుంది. చూసినవీ విన్నవీ మెదడులో థాలమస్ అనే మజిలీ దాటి వెళ్లాలి. వాసన మాత్రం జ్ఞాపకాలూ భావాలూ పుట్టే చోటికి దగ్గర దారిలో చేరిపోతుంది. ఒక్క క్షణంలో చిన్నతనమంతా మీదికొచ్చి పడుతుంది. అప్పుడు అక్క మాట్లాడకుండా నిలబడిపోతే కాసేపు ఆగండి.

ఆ తర్వాత చిక్కు మొదలవుతుంది. తను మనసులో మోసుకుపోయింది వెళ్లిన రోజునాటి ఇంటిని. ఇక్కడేమో రోజులు ఆగలేదు. నేనూ హాస్టల్లో చదువుకున్నదాన్నే. మొదటి సెలవులకు నేను వచ్చేసరికి నా బల్ల తమ్ముడిదైంది, నా పుస్తకాలు అటక ఎక్కాయి. ఎవరి తప్పూ లేదు, వాడికీ చదువుకోవడానికి చోటు కావాలి కదా. అయినా నా ఇంట్లో నేనే చుట్టాన్ని అయినట్టు అనిపించి, మేడ మీదికెళ్లి ఏడ్చాను. చీకట్లో స్విచ్ ఎక్కడుందో నా చేతికి గుర్తుంది, నా బట్టలు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం అడగాల్సి వచ్చింది.

ఇంటి మీద ఈ బెంగ పాతదే. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి దీని మీద పరిశోధన రాశాడు. గ్రీకులో తిరిగి రావడానికున్న మాటనూ నొప్పికున్న మాటనూ కలిపి 'నాస్టాల్జియా' అని పేరు పెట్టాడు. అందులో ఒక కుర్రాడి కథ ఉంది. బెర్న్ అనే ఊరి నుంచి బాసెల్‌కు చదువుకోవడానికి వచ్చి ఇంటి బెంగతో మంచం పట్టాడు. ఇంటికి పంపిస్తే, ఊరు చేరకముందే దారిలోనే కోలుకున్నాడట! నాకు ఆ దారే ఎక్కువ గుర్తొస్తుంది. ఇంటికి వెళ్తున్నామన్న సంతోషానికి ఏదీ అడ్డు రాదు. చేరాకే సంతోషంతో పాటు దిగులు కూడా వచ్చి కూర్చుంటుంది. రెండూ నిజమే. ఒకటుందని రెండోది అబద్ధం కాదు.

కాబట్టి అక్క లేనప్పుడు ఏమేం మారాయో మీరే చెప్పండి, చూపించండి. తన వస్తువులు కదిపి ఉంటే ఎక్కడ పెట్టారో ముందే చెప్పండి. "అక్కడ ఎలా ఉంటుంది?" అని ఊరికే అడిగితే "బాగుంటుంది" అనేసి ఊరుకుంటుంది. పక్క మంచం ఎవరిది, రాత్రి దీపం ముందు ఎవరు ఆర్పుతారు, జ్వరమొస్తే ఎవరు చూసుకున్నారు అని అడగండి.

ఆ సెలవుల చివర్లో మా అమ్మతో మాట్లాడుతూ "ఇంటికెళ్లాక ఉత్తరం రాస్తాలే" అన్నాను. నేనన్న ఇల్లు హాస్టల్. నోరు జారాక ఇద్దరం ఆగిపోయాం. అమ్మ నొచ్చుకుందనే అనుకున్నాను. తను నా జడ అల్లడం ఆపకుండా, "అక్కడ నీ మంచం కిటికీ పక్కనేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆ రాత్రి చాలాసేపు ఆ కిటికీలోంచి కనిపించేవన్నీ అమ్మకు చెబుతూనే ఉన్నాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ