పాత స్పోర్ట్స్ కారు సైలెన్సర్ జాయింట్ల లీకు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కనున్న మా షెడ్డులో పాత కార్లను, ముఖ్యంగా రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లను స్టాండ్ల మీదికి ఎత్తినప్పుడల్లా నాకు ముందుగా కనిపించేది సైలెన్సర్ జాయింట్ల చుట్టూ గట్టిపడి, బీటలు వారి, సగం రాలిపోయిన పేస్టు. దాని మీద మరొకరు పూసిన ఇంకో పొర ఉంటుంది. కొన్నింటి మీద నీళ్ల పైపులకు వాడే ఎం-సీల్ ముద్ద, దాని పైన బిగించి చుట్టిన కట్టుతీగ కూడా ఉంటాయి. ఇవన్నీ చూపించిన తర్వాత కూడా యజమానులు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంతకన్నా మంచి పేస్టు ఏదైనా ఉందా సార్?" ఈ ప్రశ్న వెనకనున్న అపోహ వల్ల జనం పోగొట్టుకునే డబ్బును, కొన్నిసార్లు ఆరోగ్యాన్ని చూస్తున్నాను కాబట్టి ఈ విషయాన్ని వివరంగా రాయాలనుకున్నాను.

అపోహ: మంచి పేస్టును దట్టంగా పూస్తే జాయింటు లీకు ఆగిపోతుంది.

వాస్తవం: జాయింటును మూసేది పేస్టు కాదు. ఒక గొట్టం ఇంకో గొట్టంలో చుట్టూ సమానంగా కూర్చోవడం వల్ల, లేదా రెండు ఫ్లాంజులు (గొట్టాల కొసల్లోని చదునైన అంచులు) మధ్యలోని గ్యాస్కెట్‌ను, అంటే సందును మూసే పలుచని రేకును, అన్ని వైపులా ఒకే బిగువుతో నొక్కి పట్టడం వల్ల జాయింటు మూసుకుంటుంది. లోహం మీద మిగిలిపోయిన సన్నని గీతలను, చిన్న గుంటలను నింపడం వరకే పేస్టు పని. సైలెన్సర్ పేస్టులు చాలావరకు నీటితో కలిపిన సోడియం సిలికేట్ రకానివి. అవి వేడికి ఆరి రాయిలా గట్టిపడతాయి కానీ రాయిలాగే వంగవు. గొట్టం మాత్రం కదలకుండా ఉండదు. మీటరు పొడవున్న ఉక్కు గొట్టం 300 డిగ్రీల మేర వేడెక్కితే దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, చల్లారితే మళ్లీ అంతే తగ్గుతుంది. దీనికి తోడు యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజిన్ ఒక పక్కకు ఒరిగి గొట్టాన్ని మెలితిప్పుతుంది. ఇన్ని కదలికల మధ్య పైపైన పూసిన పెళుసు పొర నిలవదు. లోపలి నుంచి పొగ ఒత్తిడితో తోస్తూ ఉండటం వల్ల ఆ పొర ముక్కలై ఊడిపోతుంది.

ఇతర పదార్థాల సంగతి ఇంకా అన్యాయం. ఎర్ర సిలికాన్ గ్యాస్కెట్ మేకర్ సుమారు 300 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది, ఎం-సీల్ వంటి ఎపాక్సీ ముద్ద అంత కూడా ఓర్చుకోదు. ఘాట్ రోడ్డు మీద ఇంజిన్ కష్టపడుతున్నప్పుడు, సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే మానిఫోల్డ్ నుంచి బయటపడే వాయువు 700 డిగ్రీలు దాటగలదు. అవి నాసిరకం పదార్థాలని నేను అనడం లేదు, వాటిని తయారు చేసింది ఈ పని కోసం కాదని మాత్రమే అంటున్నాను.

అసలు అడగవలసిన ప్రశ్న, ఇన్నేళ్లు బాగున్న జాయింటు ఇప్పుడెందుకు లీకవుతోందని. నేను చూసిన పాత కార్లలో సమాధానం చాలావరకు జాయింటు దగ్గర దొరకదు. సైలెన్సర్‌ను వేలాడదీసే వెనుక హ్యాంగర్ రబ్బరు తెగిపోయి ఉంటుంది, లేదా తెగిన రబ్బరు స్థానంలో ఎవరో తీగతో సైలెన్సర్‌ను ఛాసిస్‌కు బిగించి కట్టి ఉంటారు, లేదా ఇంజిన్‌ను మోసే మౌంటింగ్ రబ్బరు నూనెకు నాని కుంగిపోయి ఉంటుంది. సైలెన్సర్ ముందు కొస ఇంజిన్‌ను పట్టుకుని ఉంటే వెనుక కొస బాడీ నుంచి వేలాడుతుంది. ఇంజిన్ ఊగుతుంది, బాడీ ఊగదు. ఆ తేడాను భరించడానికే మధ్యలో రబ్బర్లు పెట్టారు. రబ్బరు లేకపోతే ఆ బరువు, ఆ ఊపు మొత్తం జాయింటు మీద పడతాయి. తెగిన హ్యాంగర్‌ను వదిలేసి జాయింటుకు పేస్టు పూసేవారికి నా విన్నపం ఒక్కటే: ముందు కారు కిందికి వెళ్లి, చల్లారిన సైలెన్సర్‌ను చేత్తో ఊపి చూడండి. అది మెత్తగా ఊగి తన స్థానానికి రావాలి. ఎక్కడైనా బిర్రుగా ఉన్నా, ఛాసిస్‌కు తగులుతున్నా పని మొదలుపెట్టవలసింది అక్కడే.

లీకు ఎక్కడుందో తెలుసుకోవడానికి వేడి గొట్టం దగ్గర చెయ్యి పెట్టనక్కరలేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తర్వాత వాక్యూమ్ క్లీనర్ గాలి ఊదే వైపును టెయిల్ పైపుకు పెట్టి, చుట్టూ గుడ్డ కుక్కి, ప్రతి జాయింటు మీదా సబ్బు నీళ్లు బ్రష్షుతో రాస్తే లీకున్న చోట బుడగలు వస్తాయి. అగరుబత్తి పొగతో చూడమని సలహా ఇచ్చేవారున్నారు కానీ కార్బురేటర్ కారు దగ్గర, పెట్రోలు ఆవిరి ఉండే చోట, నిప్పు పెట్టవద్దు.

తర్వాత జాయింటు విప్పాలి. పాత పేస్టును పూర్తిగా గీకి, గొట్టం కొసలను ఎమరీ పేపరుతో మెరిసేదాకా శుభ్రం చేయాలి. యు-క్లాంపును (జాయింటును బిగించే యు ఆకారపు పట్టీని) విపరీతంగా బిగించడం వల్ల గొట్టం కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటే లోపలి నుంచి వెడల్పు చేసే ఎక్స్‌పాండర్‌తో గుండ్రంగా చేయాలి, లేదా ఆ ముక్కను కోసి కొత్తది వెల్డింగ్ చేయించాలి. ఇంకొంచెం బిగిస్తే ఆగుతుందనే మాట నేను రోజూ వింటాను. గుండ్రం పోయిన గొట్టాన్ని బిగించేకొద్దీ సందు పెరుగుతుందే తప్ప తగ్గదు. వెడల్పాటి బ్యాండ్ క్లాంపు ఒత్తిడిని చుట్టూ పంచుతుంది కాబట్టి అది మేలు. ఫ్లాంజు జాయింటైతే ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి వంపు ఉందేమో చూడాలి. వంపున్న ఫ్లాంజును చదును చేయించకుండా ఎంత ఖరీదైన గ్యాస్కెట్ వేసినా అది కాలిపోతుంది. నట్లు ఇత్తడివైతే ఇత్తడివే వేయాలి. ఎంజీబీ వంటి పాత బ్రిటిష్ కార్లలో మానిఫోల్డ్ స్టడ్లకు (తల లేని బోల్టులకు) ఇత్తడి నట్లు పెట్టింది అవి వేడికి స్టడ్లను పట్టేయకుండా, మళ్లీ విప్పడానికి వీలుగా ఉండాలని. అక్కడ మామూలు ఇనుప నట్టు వేస్తే, మరోసారి విప్పేటప్పుడు స్టడ్డు విరిగి మానిఫోల్డ్‌లోనే ఉండిపోవచ్చు. ఆ విరిగిన ముక్కను తీయించే ఖర్చు ఈ మొత్తం పనికయ్యే ఖర్చును మించిపోతుంది.

ఇక పేస్టు వాడండి, తప్పకుండా వాడండి, కానీ లోపలికి వెళ్లే గొట్టం మీద పలుచని పూతగా, బిగించడానికి ముందు వాడండి. సైలెన్సర్ మొత్తాన్ని వదులుగా వేలాడదీసి, అన్ని గొట్టాలూ ఒత్తిడి లేకుండా సర్దుకున్నాక, ఇంజిన్ వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి ఒక్కో జాయింటునూ బిగించుకుంటూ రావాలి. పది నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి పేస్టును ఆరనివ్వాలి. మొదటిసారి నడిపి, పూర్తిగా చల్లారాక, నట్లను మరోసారి చూడాలి.

అపోహ: వాసన రావడం లేదు, పైగా టాప్ తెరిచే నడుపుతాం, కాబట్టి లీకు వల్ల ప్రమాదం లేదు.

ఈ మాట విన్నప్పుడు నాకు నిజంగా భయం వేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పాత పెట్రోలు కార్లకు పొల్యూషన్ పరీక్షలో అనుమతించే కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, అంటే పది లక్షల భాగాల్లో 30,000 భాగాలు. అలాంటి పొగ కారు లోపలి గాలిలో నూటికి ఒక వంతు కలిసినా 300 భాగాలవుతుంది. 200 భాగాలున్న గాలిని రెండు మూడు గంటలు పీల్చినా తలనొప్పి మొదలవుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. ఆ పరీక్ష చేసేది టెయిల్ పైపు కొస దగ్గర, మధ్యలో ఎక్కడ కారుతోందో అది చెప్పదు. లీకు దగ్గర బయటి గాలి లోపలికి పీల్చుకోవడం వల్ల అంకె ఇంకా తక్కువగా కూడా కనిపించవచ్చు. టాప్ తెరవడం కూడా రక్షణ కాదు. పరుగెత్తే కారు వెనుక గాలి సుడి తిరిగి, పొగను సీట్ల వైపే తెస్తుంది.

చిత్తూరు నుంచి ఒక పెద్ద దంపతులు తమ ఎంజీబీని తీసుకొచ్చారు. ఆయన బాధ శబ్దం గురించి. ఆవిడ మాత్రం మాటల మధ్యలో, "మొగిలి ఘాట్ ఎక్కేసరికి తల పగిలిపోతుంది నాయనా, వాంతికొస్తుంది, నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంటాను" అన్నారు. అదే దారిలో బస్సులో వెళ్తే ఎలా ఉంటుందమ్మా అని అడిగాను. బస్సులో ఏమీ కాదన్నారు. ఆ కారులో మానిఫోల్డ్, సైలెన్సర్ గొట్టం రెండూ ఎడమవైపే ఉంటాయి, అంటే ఆవిడ కాళ్లు పెట్టుకునే చోటికి దగ్గరగా. మానిఫోల్డ్ కింది జాయింటు చుట్టూ పొరలు పొరలుగా పేస్టు, దాని కింద నల్లటి మసి చారలు కనిపించాయి. ఎడమ ఇంజిన్ మౌంటింగ్ కుంగిపోయి ఉంది. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న రేకులో వైర్లు వెళ్లే రంధ్రానికి సందు మూసే రబ్బరు వలయం (గ్రొమ్మెట్) లేదు. లారీల వెనుక మెల్లగా ఎక్కుతున్నంతసేపూ పొగ ఆ రంధ్రం గుండా లోపలికి వచ్చేది. మౌంటింగ్, గ్యాస్కెట్లు, గ్రొమ్మెట్ మార్చాక ఆవిడ పలమనేరు వెళ్లి వచ్చి, నిమ్మకాయ బ్యాగులోంచి తీయలేదని ఫోన్ చేసి చెప్పారు.

తనకు ఘాట్ పడదని ఆవిడ అన్నేళ్లు నమ్మారు, ఇంట్లో వాళ్లూ నమ్మారు. ఇలా ఇబ్బంది పడేవారిని సున్నితమని, భయస్తులని తేలిగ్గా తీసేయకండి. ఒకే కారులో తలనొప్పి వచ్చి, దిగి గాలి పీల్చుకుంటే తగ్గుతుంటే ముందుగా కారును అనుమానించండి. స్పృహ తప్పినా, మత్తుగా ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లి, కారు పొగ పీల్చారని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. ఇంట్లో వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఆక్సిజన్‌కూ కార్బన్ మోనాక్సైడ్‌కూ తేడా గుర్తించలేదు, అందులో 98 కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండవద్దు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఉదయం స్టార్ట్ చేయగానే జాయింటు నుంచి మసి కలిసిన నీళ్లు కారితే హెడ్ గ్యాస్కెట్ పోయి రేడియేటర్ నీళ్లు ఇంజిన్‌లోకి వస్తున్నాయని కంగారుపడి వచ్చేవారు చాలామంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చల్లటి గొట్టంలో అదే నీరుగా మారి కారుతుంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గకుండా ఉంటే ఆ కారేది చాలావరకు ఈ నీరే, ముందు చూడవలసింది జాయింటును. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ మని వినిపించి వేడెక్కాక ఆగిపోయే లీకు నయమైపోలేదు. లోహం వ్యాకోచించి తాత్కాలికంగా మూసుకుంది, అంతే.

లీకు వల్ల పొగ సులువుగా పోయి పికప్ పెరుగుతుందనేది వట్టి పుకారు. 1990ల నాటి ఇంజెక్షన్ కార్లలో, పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్‌కు ముందు లీకుంటే, లోపలికి చొరబడిన గాలిని చూసి సెన్సర్ పెట్రోలు తక్కువైందని పొరబడుతుంది, కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది, మైలేజీ పడిపోతుంది. సెన్సర్ ఉన్న కారులో సిలికాన్ వాడవలసి వస్తే సెన్సర్‌కు హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి.

చివరిగా, చాలా పాత కార్ల అసలు గ్యాస్కెట్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ అనే పీచు ఖనిజం ఉండవచ్చు. వాటిని పొడిగా గీకవద్దు, వైర్ బ్రష్షు కానీ గాలి పైపు కానీ వాడవద్దు. నీళ్లు చల్లి తడిపి, మాస్కు పెట్టుకుని, ముక్కలుగా ఊడదీసి, ప్లాస్టిక్ సంచిలో కట్టేయండి.