ఆటలోకి వచ్చిన ఎన్నికల పోస్టర్

2024 మే మొదటి వారం. 13న పోలింగ్. విశాఖ అక్కయ్యపాలెంలో మా అక్క వాళ్లింటికి మధ్యాహ్నం భోజనానికి వెళ్లాను. ఎనిమిదేళ్ల మేనల్లుడు వాళ్లమ్మ ఫోన్ పట్టుకుని, సోఫాలో కాళ్లు పైకి పెట్టి కార్ల రేసు ఆడుతున్నాడు. రేసు అయిపోగానే స్క్రీన్ నిండా ఒక నాయకుడు చేతులు జోడించి ప్రత్యక్షమయ్యాడు. వెనక డప్పులు, పార్టీ పాట. పై మూలన 30, 29, 28 అంటూ అంకెలు తగ్గుతున్నాయి.

"తీసేయరా దాన్ని" అన్నాను.

"తీసేస్తే కాయిన్స్ ఇవ్వడు మామయ్యా. మొత్తం చూడాల" అన్నాడు వాడు, ఫోన్ మీంచి కళ్లు తిప్పకుండా. పాట పల్లవి అప్పటికే వాడికి నోటికొచ్చేసింది.

ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. నా కళ్లు పడింది యాడ్ అడుగున. ఆవగింజలంత అక్షరాల్లో ఏదో రాసి ఉంది. ఎవరు వేయించారో చూద్దామని ఫోన్ లాక్కునేలోపే 30 సెకన్లూ అయిపోయాయి, కాయిన్లు పడ్డాయి, కారు మళ్లీ బయల్దేరింది.

ఎన్నికల ప్రచారంలో ఆ చిన్న అక్షరాలకు చాలా పాత చరిత్రే ఉంది. మా చిన్నప్పుడు అల్లిపురం వైపు ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో నాన్న స్నేహితుడు పనిచేసేవారు. ఎన్నికలొస్తే ఆ సందంతా ఇంకు వాసనే. ఆరని పోస్టర్లు తీగల మీద బట్టల్లా వేలాడేవి. ప్రతి పోస్టర్ అడుగునా ఒక వరస: ముద్రించిన ప్రెస్ పేరు, ఊరు, వేయించినవారి పేరు, పక్కన 'ప్రతులు: 2,000'. అది మర్యాదకు వేసేది అనుకునేవాణ్ని. కాదు, చట్టం. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ అనే సెక్షన్ 1961లో చేరింది. ఎన్నికల కరపత్రమైనా, పోస్టరైనా ముద్రాపకుడి పేరూ ప్రచురణకర్త పేరూ చిరునామాలతో సహా ఉండాలి. వేయించేవాడు సంతకం చేసిన డిక్లరేషన్‌ను అతన్ని ఎరిగిన ఇద్దరు ధ్రువీకరించాలి. ప్రెస్ వాళ్లు ఆ కాగితాన్నీ పోస్టర్ కాపీనీ జిల్లా మేజిస్ట్రేట్‌కు పంపాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. రెండు వేలంటే ఇవాళ ఒక పెద్ద ఫ్లెక్సీ ఖరీదు కూడా రాదనుకోండి.

ఈ సెక్షన్ వెనక ఉన్నది సాదా ఆలోచన. అభ్యర్థి మీద బురద జల్లుతూ రాత్రికి రాత్రి గోడల మీద ఒక కాగితం వెలిస్తే, పొద్దున్నే పోయి అడగడానికి ఒక గుమ్మం ఉండాలి.

తర్వాత గోడలే కరువయ్యాయి. 1990 నుంచి 1996 దాకా ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్న టి.ఎన్. శేషన్ ప్రవర్తనా నియమావళిని గట్టిగా పట్టుకున్నారు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహిరంగ ప్రదేశాల్ని వికృతం చేయడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. గోడ రాతలు తగ్గి ఫ్లెక్సీలు పెరిగాయి. 2022 ఆగస్టు 26న, సముద్ర తీరంలో చెత్త ఏరే కార్యక్రమానికి విశాఖ వచ్చిన నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి ఇక్కడే ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించారు. ఆ తర్వాత జగదాంబ సెంటర్లోగానీ మద్దిలపాలెంలోగానీ ఫ్లెక్సీలు ఎంత తగ్గాయో ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. హోర్డింగుల మీద కూడా ముద్రాపకుడి, ప్రచురణకర్త పేర్లుండాలని ఎన్నికల సంఘం స్పష్టంగా చెప్పింది 2024 ఏప్రిల్లోనే. అంటే పోస్టర్ నియమం హోర్డింగ్ ఎక్కడానికి అరవయ్యేళ్లు దాటింది.

టీవీ సంగతి మన రాష్ట్రం నుంచే తేలింది. కేబుల్ టెలివిజన్ నిబంధనల ప్రకారం రాజకీయ ప్రకటనలు అసలు వేయకూడదు. 2004 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిబంధనను పక్కన పెట్టింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కేంద్ర సమాచార శాఖ ఒకవైపు, జెమినీ టీవీ తదితరులు మరోవైపు. 2004 ఏప్రిల్ 13న కోర్టు మధ్యేమార్గం చెప్పింది: రాజకీయ ప్రకటన వేసుకోవచ్చు, కానీ ముందు ఎన్నికల సంఘం నియమించిన అధికారులకు చూపించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దేశమంతా ఇవాళ నడుస్తున్న ముందస్తు ధ్రువీకరణ పద్ధతి పుట్టింది ఆ ఆదేశంలోంచే. తెలుగు ఛానల్ పేరుతో ఉన్న కేసు దేశానికంతటికీ పద్ధతి నేర్పిందన్నది మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ఆ దరఖాస్తు ఫారం ఒకసారి చూడదగ్గది. ఎవరు వేయిస్తున్నారు, ఏ అభ్యర్థి కోసం, తయారీకి ఎంతయింది, ఏ ఛానల్లో వేస్తారు, ఎన్నిసార్లు, ఒక్కోసారికి రేటెంత, అన్నిటికీ గడులున్నాయి. గుర్తింపు పొందిన పార్టీలు, అభ్యర్థులు ప్రసారానికి మూడు రోజుల ముందు ఇవ్వాలి, మిగతావాళ్లు ఏడు రోజుల ముందు. జిల్లాలో ఈ పని చూసే మీడియా కమిటీకి పెద్ద కలెక్టరే. తర్వాత తర్వాత రేడియో, సినిమా హాళ్లు, గుంపుగా పంపే ఎస్ఎంఎస్‌లు, రికార్డు చేసిన ఫోన్ కాల్స్ కూడా ఈ కమిటీ కిందికే వచ్చాయి. 2013 అక్టోబర్ 25న సోషల్ మీడియా, ఇంటర్నెట్ సైట్లు చేరాయి. వాటికి పెట్టిన డబ్బు అభ్యర్థి ఖర్చులో చూపాలన్నారు.

వీడియో గేముల వైపు కథ మాత్రం అమెరికాలో మొదలైంది. ఆటలో ప్రకటన అనేది కొత్తేం కాదు. 1978లో అడ్వెంచర్‌ల్యాండ్ అనే, బొమ్మల్లేకుండా రాతతోనే నడిచే ఆటలోనే అదే రచయిత తర్వాతి ఆటకు ప్రకటన ఉంది. తొంభైల్లో ఫుట్‌బాల్ ఆటల్లో మైదానం చుట్టూ అడిడాస్ బోర్డులు వచ్చాయి. అయితే అవి డిస్క్‌లో ముద్రపడిపోయినవి. ఒకసారి వేస్తే అంతే, ఎన్నికలయ్యాక తీసేయడానికి లేదు. రాజకీయ పార్టీకి అలాంటిది పనికిరాదు.

2000ల మధ్యలో మాసివ్ అనే కంపెనీ ఆ ముడి విప్పింది. ఆటలో బోర్డు స్థలం ఖాళీగా వదిలేసి, ఆడేవాడి కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టె, ఇంటర్నెట్‌కు కలిసినప్పుడు ఆ రోజు ప్రకటన అందులోకి పంపడం వాళ్ల పని. 2006లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది. 2008 అక్టోబర్లో బరాక్ ఒబామా ప్రచార బృందం ఆ బోర్డులు అద్దెకు తీసుకుంది. కార్లను గుద్దించడమే ప్రధానమైన బర్నౌట్ పారడైజ్ ఆటలో, రోడ్డు పక్క హోర్డింగ్ మీద ఒబామా ముఖం, 'ముందస్తు ఓటింగ్ మొదలైంది' అన్న మాట, ఒక వెబ్‌సైట్ చిరునామా. అడుగున, ఈ ప్రకటనకు డబ్బిచ్చింది ఒబామా ఫర్ అమెరికా (ఆయన ప్రచార కమిటీ) అన్న వరస. మొత్తం 18 ఆటలు, పోటీ గట్టిగా ఉన్న 10 రాష్ట్రాలు. ఒహాయోలో ఆడుతున్న కుర్రాడికి ఒబామా కనిపిస్తే, ఎన్నిక ఏకపక్షమైన రాష్ట్రంలో అదే మలుపులో ఏ కూల్‌డ్రింకో కనిపించేది.

ఖర్చు చూస్తే నవ్వొస్తుంది. అమెరికా ఎన్నికల సంఘానికి ఇచ్చిన లెక్కల్లో ఇది సుమారు 44 వేల డాలర్లు, అప్పటి మారకంలో 20 లక్షల రూపాయల పైచిలుకు. 70 కోట్ల డాలర్లకు మించి సేకరించిన ప్రచారంలో ఇది టీ ఖర్చు. అయినా ప్రపంచమంతా వార్త అయింది. కొన్న బోర్డుల కంటే ఆ బోర్డుల గురించి వచ్చిన వార్తలే ఎక్కువ ప్రచారం చేసిపెట్టాయని నా నమ్మకం. టీవీ కార్యక్రమాలు చూడని 18 నుంచి 34 ఏళ్ల మగపిల్లలు ఎక్కడున్నారో వెతుక్కుంటూ వెళ్లడం అసలు ఎత్తుగడ. ఇక్కడ గమనించాల్సింది మాత్రం ఆ అడుగు వరస. రేసు మధ్యలో ఎవరూ చదవరు, అయినా రాశారు. మైక్రోసాఫ్ట్ 2010లో మాసివ్‌ను మూసేసింది. 2012లో ఒబామా బృందం ఫుట్‌బాల్ ఆటతోపాటు ఫోన్‌లో ఆడే టెట్రిస్‌లోకీ వచ్చింది. కన్సోల్ నుంచి జేబులోకి దారి అక్కడ పడింది.

ఇంకో దారి కూడా ఉంది: బోర్డు కొనకుండా ఆటలోనే ఇల్లు కట్టడం. 2007 ఫ్రాన్స్ ఎన్నికల ముందు తీవ్ర మితవాద నాయకుడు లె పెన్ పార్టీ సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలో ఆఫీసు తెరిచింది. వ్యతిరేకులు అక్కడికీ వచ్చి నినాదాలిచ్చి, పేలే పందుల్ని విసిరారు. మన దగ్గర పోస్టర్ మీద పేడ కొట్టడానికి వాళ్ల రూపం అనుకోవచ్చు. 2020లో బైడెన్ బృందం యానిమల్ క్రాసింగ్ ఆటలో ఇంటి ముందు పాతుకునే బోర్డులిచ్చింది, తర్వాత ఒక దీవే తెరిచింది. ఆ నవంబర్‌లో ఆ ఆట తయారుచేసిన నింటెండో, సంస్థలెవరూ ఈ ఆటలోకి రాజకీయాలు తేవద్దని నియమం పెట్టింది. అదే ఏడాది రోబ్లాక్స్ అనే ఆన్‌లైన్ ఆటలో పిల్లల ఖాతాలు హ్యాక్ చేసి, 'మీ అమ్మానాన్నల్ని ట్రంప్‌కి ఓటెయ్యమనండి' అని రాసిపెట్టారు. దాని వెనక ట్రంప్ బృందం ఉందని ఎవరూ నిరూపించలేదు. అడగడానికి గుమ్మం లేదన్నమాట. 2024లో కమలా హారిస్ బృందం ఫోర్ట్‌నైట్ అనే ఆన్‌లైన్ ఆటలో ఒక పట్టణమే కట్టింది.

మన దేశంలో కన్సోల్ ఉన్న ఇల్లు తక్కువ, గేమ్ అంటే ఫోనే. 2013లో మోదీ రన్ అని ఒక ఆండ్రాయిడ్ ఆట వచ్చింది. పార్టీ చేసింది కాదు, బయటివాళ్లు చేసింది. 2024 ఏప్రిల్లో, మొదటి దశ పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు, ప్రధాని మోదీ ఏడుగురు గేమర్లతో కూర్చుని ఆడిన వీడియో విడుదలైంది. అది డబ్బిచ్చి వేయించిన యాడ్ కాదు గానీ, పార్టీలు ఆ వైపు చూస్తున్నాయనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు.

ఫోన్ ఆటలో ప్రకటన వచ్చే తీరు 2008 నాటి బోర్డు కంటే పూర్తిగా వేరు. బర్నౌట్‌లో ఒబామా వాళ్లకు తాము ఏ ఆటలో ఉన్నారో తెలుసు, ఏరికోరి కొన్నారు. ఇప్పుడు ఫ్రీ గేమ్‌లో లెవెల్ అయిపోగానే ఆట లోపలి చిన్న ప్రోగ్రామ్ ప్రకటనల నెట్‌వర్క్‌కు కబురు పెడుతుంది: ఫోన్ ఇది, భాష తెలుగు, ఊరు విశాఖ. రెప్పపాటులో వేలం జరుగుతుంది. ఎక్కువ పాడినవాడి యాడ్ పడుతుంది. పార్టీ తరఫు ఏజెన్సీ ఎంచుకున్నది 'విశాఖ, ఫలానా వయసు' అనే. ఏ ఆట అన్నది యంత్రం ఇష్టం. గూగుల్ 2020 నుంచి ఎన్నికల ప్రకటనలకు వయసు, ఆడా మగా, పిన్‌కోడ్ స్థాయి ప్రాంతం బట్టే మనుషుల్ని ఎంచుకోనిస్తోంది. మంచిదే. కానీ మా మేనల్లుడి చేతిలో ఉన్నది వాళ్లమ్మ ఫోన్. యంత్రం లెక్కలో సోఫాలో పడుకుని ఉన్నది 35 ఏళ్ల ఓటరు.

ఈ పొరపాటు ఒక్క అక్కయ్యపాలెంలోనే జరగలేదు. 2023 అక్టోబర్లో, హమాస్ దాడి తర్వాత, ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ వేయించిన భయంకరమైన యుద్ధ వీడియో యూరప్‌లో పిల్లల ఆటల్లో కనిపించింది. ఉత్తర లండన్‌లో ఆరేళ్ల పిల్లాడు చూశాడు. యాంగ్రీ బర్డ్స్ తయారుచేసే రోవియో తమ ఆటలోకి అలాంటివి పొరపాటున వచ్చాయని ఒప్పుకుంది. ఆ శాఖ ప్రకటన తమదేనంది, ఆటల్లోకి ఎలా వెళ్లిందో తెలియదంది. డబ్బిచ్చినవాడికి తెలియదు, చూపించినవాడికీ తెలియదు.

ఎన్నికలయ్యాక ఒక ఆదివారం కూర్చుని గూగుల్ వాళ్ల ప్రకటనల పారదర్శకత పేజీ తిరగేశాను. మా వాడు చూసిన వీడియో దొరికింది. ఎవరు డబ్బు కట్టారో ఉంది, ఎంతలోపు ఖర్చయిందో ఉంది, ఏ తేదీల్లో, ఏ ప్రాంతాల్లో అన్నదీ ఉంది. ఆవగింజల అక్షరాల కంటే ఇది నయమే, ఒప్పుకోవాలి. లేనిది ఒక్కటే: అది ఏ ఆటలో పడిందన్నది. 2004 నాటి ఫారంలో 'ఏ ఛానల్లో' అన్న గడికి సరిపడే సమాచారం అక్కడ లేదు. ఆ గడి నింపమంటే ఏజెన్సీ వాళ్లయినా ఏం రాస్తారు? పోలింగ్‌కు ముందు 48 గంటలు ప్రచారం ఆపాలంటే మైకు లాక్కోవచ్చు, హోర్డింగ్‌కు గుడ్డ కట్టొచ్చు. ఎవరి ఫోన్‌లో ఏ లెవెల్ తర్వాత ఏం పడుతోందో చూడటానికి కలెక్టరేట్‌లో ఎవరు కూర్చుని కార్లు నడుపుతారు?

పెద్ద ఎన్నికల్లో అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది, అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితి లేదు, ఆటల్లో యాడ్లు చాలావరకు పార్టీ ఖాతాలోంచే. వార్డు ఎన్నికలొస్తే సంగతి మారుతుంది. జీవీఎంసీకి, అంటే మా విశాఖ నగర పాలక సంస్థకు, 2021 మార్చి 10న 98 వార్డులకు పోలింగ్ జరిగింది. అవి చూసేది కేంద్ర ఎన్నికల సంఘం కాదు, రాష్ట్ర ఎన్నికల సంఘం. వార్డుకు పోటీ చేసేవాడికి టీవీ దండగ. పిన్‌కోడ్ చూసి ఫోన్‌లో వేసుకునే యాడ్ మాత్రం ఫ్లెక్సీ కంటే చవక, చింపేవాడూ ఉండడు.

అల్లిపురం ప్రెస్ ఇప్పుడు లేదు. ఆ స్థలంలో మొబైల్ రిపేర్ షాపు ఉంది.