ఈమాక్స్‌లో కొత్త మెయిల్: అపోహలు - వాస్తవాలు

నేను రోజూ ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోనే, అందులో నడిచే మ్యూ4ఈ అనే మెయిల్ ప్రోగ్రామ్‌తో మెయిల్ చదువుతాను. ఆఫీసులో కొత్తగా దీనికి మారినవాళ్లకు సెటప్ చేసిపెట్టేది కూడా నేనే. ఎవరి మెషీన్ చూసినా చిక్కు దాదాపు ఒకచోటే ఉంటుంది. మెయిల్‌ను సర్వర్ నుంచి దించుకోవడం ఒక పని. దించినదాన్ని ఇండెక్స్‌లోకి ఎక్కించడం ఇంకో పని. ఎక్కినదాన్ని తెర మీద చూపించడం మరో పని. ఒక్కోదానికి సెట్టింగ్ వేరు. అన్నీ కలిపి "మెయిల్ చెక్ చేయడం" అనుకునేసరికి ఎక్కడ ఆగిందో తెలియక టెన్షన్ పడతారు.

అపోహ: మ్యూ4ఈ పెట్టుకుంటే అదే సర్వర్‌కి వెళ్లి మెయిల్ తెస్తుంది.

వాస్తవం: తేదు. మ్యూ అనేది జాపియన్ అనే సెర్చ్ లైబ్రరీ మీద కట్టిన ఇండెక్సర్. డిస్కులో మెయిల్‌డిర్ (ఒక్కో ఉత్తరాన్ని ఒక్కో ఫైలుగా దాచే పద్ధతి) ఫోల్డర్లలో ఉన్న ఫైళ్లను చదివి, వెతకడానికి వీలుగా ఇండెక్స్ తయారుచేస్తుంది. ఆ ఇండెక్స్‌లో ఉన్నదాన్ని ఈమాక్స్‌లో చూపించేది మ్యూ4ఈ. మెయిల్ దించడానికి ఏ కమాండ్ నడపాలో "గెట్ మెయిల్ కమాండ్" అనే సెట్టింగ్‌లో మనమే చెప్పాలి. డిఫాల్ట్‌గా అక్కడ ఉండేది "ట్రూ" అనే యూనిక్స్ కమాండ్. అది ఏ పనీ చేయకుండా, పని సక్రమంగా అయిందని చెప్పి వెళ్లిపోతుంది. అందుకే అప్‌డేట్ నొక్కితే ఎర్రరూ రాదు, కొత్త మెయిలూ రాదు. ఇది లోపం కాదు. మెయిల్ వేరే దారిలో ముందే మెషీన్‌లోకి వచ్చేస్తున్నవాళ్లకు ఇండెక్స్ ఒక్కటి చాలు, వాళ్లకు అదే సరైన విలువ. మిగతావాళ్లు అక్కడ మెయిల్ దించే ప్రోగ్రామ్ ఏదో ఒకటి, ఎంబీసింక్ కమాండో, ఆఫ్‌లైన్‌ఐమ్యాపో, ఫెచ్‌మెయిలో రాసుకోవాలి.

అనుమానం వచ్చినప్పుడు ముందుగా టెర్మినల్ తెరిచి ఎంబీసింక్‌ను విడిగా నడిపి చూడండి. ఇన్‌బాక్స్ కింద ఉండే "న్యూ" ఫోల్డర్‌లో ఫైలు పడిందంటే దించడం బాగానే ఉంది, ఇండెక్స్ దగ్గర వెతకాలి. పడలేదంటే మ్యూ4ఈ సెట్టింగ్‌లు ఎన్ని మార్చినా లాభం లేదు.

అపోహ: అప్‌డేట్ ఇంటర్వెల్ ఎంత తగ్గిస్తే మెయిల్ అంత త్వరగా వస్తుంది.

వాస్తవం: కొంతవరకే. ఈ ఇంటర్వెల్ సెకన్లలో ఉంటుంది. 300 అని రాస్తే ఐదు నిమిషాలు. రాసిన వెంటనే అది అమల్లోకి రాదు, మ్యూ4ఈని మూసి మళ్లీ తెరవాలి. పైగా మ్యూ4ఈ నడుస్తున్నంతసేపే ఆ టైమర్ ఉంటుంది, మూసేస్తే అదీ ఆగుతుంది. "ఈమాక్స్ తెరిచే ఉంది కదా, మెయిల్ ఎందుకు రాలేదు" అని అడిగేవాళ్లలో చాలామంది మ్యూ4ఈని మూసేసి ఉంటారు. ఈమాక్స్ మొదలైనప్పుడే దాన్ని తెర మీదకు తేకుండా వెనకాల నడిపించే వీలు ఉంది. ఈమాక్స్ మొదలవగానే చదివే ఇనిట్ ఫైల్లో ఒక్క లైను చాలు.

ఇక తగ్గించడం సంగతి. ఎంబీసింక్ నడిచిన ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరుస్తుంది, లాగిన్ అవుతుంది, చెప్పిన ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూస్తుంది. జీమెయిల్‌లో "ఆల్ మెయిల్" కూడా ఆ జాబితాలో ఉంటే, ఇన్‌బాక్స్‌లో ఉన్న ప్రతి ఉత్తరమూ అక్కడ కూడా కనబడుతుంది కాబట్టి రెండుసార్లు దిగుతుంది. జీమెయిల్ ఒక ఖాతాకు ఒకేసారి 15 ఐమ్యాప్ (మెయిల్ సర్వర్‌తో ప్రోగ్రామ్‌లు మాట్లాడే పద్ధతి) కనెక్షన్లే ఇస్తుంది. ఐమ్యాప్ వాడే ఫోన్ యాప్‌లూ, ఇంకో ల్యాప్‌టాప్‌లో ఉన్న క్లయింటూ ఆ లెక్కలోకే వస్తాయి. నలభై ఫోల్డర్ల ఖాతాను నిమిషానికోసారి మొత్తం సింక్ చేయడం నాకు అసలు నచ్చని పద్ధతి. దానికంటే ఎంబీసింక్‌లో రెండు చానెళ్లు (ఏ ఫోల్డర్లను సింక్ చేయాలో చెప్పే సెట్టింగ్‌లు) పెట్టుకోండి. ఇన్‌బాక్స్ ఒక్కదానికీ ఒకటి, మిగతా అన్నిటికీ ఒకటి. మొదటిది ఐదు నిమిషాలకోసారి మ్యూ4ఈ నుంచి నడుస్తుంది. రెండోది గంటకోసారి, కమాండ్లను వేళకు నడిపే సిస్టమ్‌డీ టైమర్ నుంచో, క్రాన్ నుంచో నడుస్తుంది. పాత ఫోల్డర్లలో గంటలో జరిగే మార్పు కోసం ఎవరూ ఎదురుచూడరు.

అపోహ: మెయిల్ వచ్చిన క్షణమే తెలియాలంటే ఈమాక్స్ పనికిరాదు.

వాస్తవం: దీనికి దారి చాలా ఏళ్లుగా ఉంది. ఐమ్యాప్‌లో ఐడిల్ అనే కమాండ్‌ను 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2177 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా ప్రచురించారు. క్లయింట్ కనెక్షన్ తెరిచి ఉంచి ఊరికే ఉంటుంది, కొత్తది రాగానే సర్వరే చెబుతుంది. అరగంటసేపు ఉలుకూ పలుకూ లేని కనెక్షన్‌ను సర్వర్ తెంచేయవచ్చు కాబట్టి, 29 నిమిషాలు దాటకుండా ఐడిల్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టమని ఆ పత్రంలోనే సలహా ఉంది.

ఎంబీసింక్‌కి ఐడిల్ రాదు. అది వచ్చి, పని చేసి, వెళ్లిపోయే ప్రోగ్రామ్. ఆ కాపలా పని గోఐమ్యాప్‌నోటిఫై లాంటి చిన్న ప్రోగ్రామ్‌కి అప్పజెప్పాలి. కొత్త మెయిల్ అని సర్వర్ చెప్పగానే అది ఎంబీసింక్‌ను నడుపుతుంది, ఆ తర్వాత మనం చెప్పిన ఇంకో కమాండ్ నడుపుతుంది. ఈ రెండో కమాండ్ దగ్గరే ఎక్కువమంది తప్పుదారి పడతారు. అక్కడ నేరుగా మ్యూ ఇండెక్స్ అని రాస్తారు. జాపియన్ డేటాబేస్‌లోకి ఒకసారికి ఒక్కరే రాయగలరు. మ్యూ4ఈ తెరిచి ఉంటే ఆ తాళం దాని దగ్గర ఉంటుంది. కాబట్టి ఈమాక్స్‌కి బయటి నుంచి ఆదేశం పంపే ఈమాక్స్‌క్లయింట్ ద్వారా, నడుస్తున్న మ్యూ4ఈనే "ఇండెక్స్ అప్‌డేట్ చేసుకో" అని అడగాలి. అందుకు ఆ ఆదేశాలు అందుకునే ఈమాక్స్ సర్వర్ నడుస్తూ ఉండాలి.

ఐడిల్ ఒక కనెక్షన్‌కి ఒక ఫోల్డర్‌నే చూస్తుంది. ఉన్న ఫోల్డర్లన్నిటికీ పెడితే మళ్లీ ఆ 15 కనెక్షన్ల గోడే ఎదురవుతుంది. ఇన్‌బాక్స్‌కి పెట్టండి, ఇంకా కావాలంటే పనికి సంబంధించిన ఒక్క ఫోల్డర్‌కి. ఐడిల్ ఉంది కదా అని ఇంటర్వెల్‌ను పూర్తిగా తీసేయకండి కూడా. ల్యాప్‌టాప్ నిద్ర నుంచి లేచాక, వైఫై మారాక ఆ కనెక్షన్ చచ్చిపోయి ఉండొచ్చు. అరగంటకోసారి నడిచే టైమర్ తోడుంటే మనసు నిశ్చింతగా ఉంటుంది.

అపోహ: మెయిల్ దిగుతున్నంతసేపూ ఈమాక్స్ బిగుసుకుపోతుంది.

వాస్తవం: మ్యూ4ఈలో దించడం వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది, మీరు టైప్ చేసుకుంటూ ఉండొచ్చు. ఈమాక్స్‌లోనే ఉండే ఇంకో మెయిల్ ప్రోగ్రామ్ గ్నస్ వాడేవాళ్లకు మాత్రం ఈ ఫిర్యాదు నిజమే. అది ఈమాక్స్ లోపలి నుంచే సర్వర్‌తో మాట్లాడుతుంది, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. అక్కడ గ్రూపులకు (ఫోల్డర్లకు అది పెట్టిన పేరు) లెవెల్స్ ఇచ్చుకోవాలి. ముఖ్యమైనవాటిని 1, 2 లెవెల్స్‌లో పెట్టి, 2 నొక్కి జి నొక్కితే ఆ లెవెల్ వరకే చూస్తుంది, ఆ కాస్తసేపు ఆగడం పెద్దగా తెలియదు. వేళకు మెయిల్ చూసే గ్నస్ డీమన్‌లో సమయం మామూలుగా నిమిషాల లెక్కలో ఉంటుందని గుర్తుంచుకోండి. మ్యూ4ఈ నుంచి 300 కాపీ చేసి అక్కడ పెడితే ఐదు గంటలకోసారి చూస్తుంది.

అపోహ: పాస్‌వర్డ్ ఒకసారి ఇస్తే ఆ రోజుకి చాలు.

వాస్తవం: పాస్‌వర్డ్‌ను జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌తో గుప్తంగా ఉంచడం మంచి అలవాటు, ఉంచమనే చెబుతాను. కానీ జీపీజీ ఏజెంట్ డిఫాల్ట్‌గా మన పాస్‌ఫ్రేజ్‌ను (ఆ గుప్తాన్ని విప్పే రహస్య వాక్యం) చివరిసారి వాడినప్పటి నుంచి 600 సెకన్లే గుర్తుంచుకుంటుంది. మధ్యలో ఎన్నిసార్లు వాడినా మొత్తం మీద 7200 సెకన్లు దాటనివ్వదు. ఇప్పుడు ఇంటర్వెల్‌ను పదిహేను నిమిషాలకు పెట్టారనుకోండి. ప్రతిసారీ గడువు ముగిసే ఉంటుంది. పాస్‌ఫ్రేజ్ అడిగే కిటికీ పని మధ్యలో వచ్చి పడుతుంది, లేదా అది వచ్చే వీలే లేక కమాండ్ విఫలమవుతుంది. ఐదు నిమిషాలకు పెడితే రెండు గంటలు బాగా నడిచి, తర్వాత ఆగుతుంది. "పొద్దున బాగానే ఉంది, మధ్యాహ్నం నుంచి మెయిల్ లేదు" అంటే నేను ముందు చూసేది ఇదే. ఏజెంట్ కాన్ఫిగ్‌లో ఆ రెండు గడువులనూ మీ పనిదినానికి తగ్గట్టు పెంచుకోండి. మెషీన్ నలుగురు వాడేదైతే పెంచకండి.

జీమెయిల్ వాడేవాళ్లకు మరో మాట. 2022 మే తర్వాత వ్యక్తిగత ఖాతాల మామూలు పాస్‌వర్డ్‌తో ఐమ్యాప్ లాగిన్ కుదరదు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

అపోహ: అప్‌డేట్ చివర ఎర్రర్ కోడ్ కనిపిస్తే మెయిల్ పోయినట్టే.

వాస్తవం: ఫెచ్‌మెయిల్ కొత్త మెయిల్ ఏదీ లేకపోయినా 1 అనే కోడ్‌తోనే ముగుస్తుంది. అది ఎర్రర్ కాదు. ఎంబీసింక్‌లో చానెల్‌కి తాళం పడి ఉందని వస్తే, ఇంకో ఎంబీసింక్ అప్పటికే నడుస్తోందని. ఐడిల్, టైమర్ రెండూ ఉన్నచోట అప్పుడప్పుడు ఇలా అవుతుంది, తర్వాతి విడతలో సర్దుకుంటుంది.

పట్టించుకోవాల్సిన ఎర్రర్ ఒకటి మాత్రం ఉంది: ఒకే యూఐడీ (ఫోల్డర్‌లో ఒక్కో ఉత్తరానికి ఉండే నంబరు) రెండుసార్లు ఉందని ఎంబీసింక్ ఫిర్యాదు చేయడం. ఎంబీసింక్ ప్రతి ఫైలు పేరులోనూ దాని యూఐడీ రాసుకుంటుంది. మ్యూ4ఈలో ఒక ఉత్తరాన్ని వేరే ఫోల్డర్‌కి మారిస్తే, డిఫాల్ట్‌గా ఆ పాత పేరుతోనే వెళుతుంది. కొత్త ఫోల్డర్‌లో అదే నంబరు ఇంకో ఉత్తరానికి ఉంటే ఆ ఫోల్డర్ సింక్ అక్కడితో ఆగిపోతుంది. ఫోల్డర్ మార్చేటప్పుడు ఫైలు పేరు మార్చమని చెప్పే సెట్టింగ్ మ్యూ4ఈలో ఉంది. ఎంబీసింక్ వాడేవాళ్లు మొదటి రోజే దాన్ని ఆన్ చేయాలి. ఇప్పటికే చిక్కుకున్నవాళ్లు మెయిల్‌డిర్‌ను ఒకసారి బ్యాకప్ తీసుకుని, ఆ ఫోల్డర్‌లోకి కొత్తగా మార్చిన ఫైలు పేరులోంచి కామా, యూ, ఈక్వల్స్ గుర్తు, ఆ తర్వాతి నంబరు తీసేయండి. ఎంబీసింక్ దాన్ని కొత్త ఉత్తరంగా చూసి వేరే యూఐడీ ఇస్తుంది.