సెక్షన్ నంబర్ మారితే లైసెన్స్ పోదు సామీ! (కొన్ని అపోహలు - వాస్తవాలు)

తిరుపతిలో ఇంట్లో కూర్చుని అమెరికా ఆస్పత్రులకి క్రెడెన్షియలింగ్ ఫైళ్ళు (అంటే నర్సులు, డాక్టర్ల లైసెన్సులు, కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని చూసే ఫైళ్ళు) చూసే పని నాది. పని రాత్రంతా, ఫోన్లేమో నేను నిద్రపోయే టైంలో. ఫోన్లలో ఎక్కువ ఒకటే రకం: "కొలరాడోలో నర్సుల చట్టం రద్దయిందంట, మా పాప లైసెన్స్ చెల్లదంట, నిజమేనా?"

అపోహ: పాత సెక్షన్ రద్దయింది కాబట్టి దాని కింద వచ్చిన లైసెన్స్ కూడా రద్దయినట్టే.

వాస్తవం: కానే కాదు. కొలరాడోలో వృత్తుల చట్టాలు ఎక్కువగా టైటిల్ 12లో, అంటే ఆ రాష్ట్ర చట్టాల సంపుటిలో 12వ భాగంలో, ఉంటాయి. ఏళ్ళ తరబడి కొత్త వాటిని మధ్యమధ్యలో ఇరికించుకుంటా పోయి అది ఏది ఎక్కడుందో తెలీని గందరగోళం అయింది, ఫార్మసిస్టుల ఆర్టికల్ (టైటిల్‌లో ఒక అధ్యాయం) నంబరే 42.5 అంటే చూసుకోండి. అందుకని 2019లో హెచ్‌బీ 19-1172 అనే బిల్లు పెట్టి టైటిల్ మొత్తం మళ్ళీ సర్దారు, అక్టోబర్ 1 నుంచి అమలు. నర్సులది 38 నుంచి 255కి పోయింది, డాక్టర్లది 36 నుంచి 240కి, ఫిజియోలది 41 నుంచి 285కి, డెంటిస్టులది 35 నుంచి 220కి. పాతది తీసేయడం, అదే విషయాన్ని కొత్త నంబర్‌తో పెట్టడం రెండూ ఆ ఒక్క బిల్లులోనే. మధ్యలో ఒక్క రోజు కూడా చట్టం లేకుండా లేదు. కానీ పాత అపాయింట్‌మెంట్ లెటర్‌లోనో లైసెన్స్ ఇచ్చే బోర్డు ఆర్డర్‌లోనో 12-38 (టైటిల్ 12, ఆర్టికల్ 38) అని ఉంటాది, మనోళ్ళు దాన్ని గూగుల్‌లో కొడతారు, రద్దు అని కనపడతాది, అంతే, ఇంట్లో ఏడుపులు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వచ్చినాక చంద్రగిరోళ్ళ పాత పాస్‌బుక్కుల్లో చిత్తూరు జిల్లా అనే ఉంది కదా, పొలం పోయిందని ఎవరన్నా అనుకున్నారా?

నాకు కోపం వచ్చేది భయపడే వాళ్ళ మీద కాదు, ఆ భయాన్ని అమ్ముకునేవాళ్ళ మీద. రేణిగుంట అక్క ఒకామె, కూతురు డెన్వర్‌లో నర్సు, ఎవరో కన్సల్టెంట్ "కొత్త చట్టానికి లైసెన్స్ ట్రాన్స్‌ఫర్ చేయాల, ఫీజు పంపండి" అన్నాడంట. గొలుసు తాకట్టు పెట్టేదానికి రెడీ అయిపోయింది పాపం. అక్కా ఆగు, పాప లైసెన్స్ నంబర్ చెప్పు అని బోర్డు సైట్‌లో చూసినా. యాక్టివ్. నంబర్ కూడా పాతదే. ఆ ట్రాన్స్‌ఫర్ అనేదే లేదు, లేని పనికి ఫీజు ఏంది? ఆ అక్క అరగంట సేపు థ్యాంక్స్ చెప్తానే ఉంది, మధ్యలో నాకు పెళ్ళి సంబంధం కూడా చూసేసింది, అది వేరే కథ.

అపోహ: రెన్యువల్ రూల్, అప్పీల్ హక్కు తీసేశారు, కొత్త ఆర్టికల్‌లో కనపడలేదు.

వాస్తవం: సగం చదివితే అట్లే ఉంటాది. ముందు ప్రతి వృత్తికీ అవే నిబంధనలు విడివిడిగా రాసుండేవి, సర్దినప్పుడు ఉమ్మడివి ఆర్టికల్ 20లోకి తెచ్చారు. రెన్యువల్ 12-20-202లో, కోర్టుకి పోయే సంగతి 12-20-408లో. 255 ఒక్కటే చదివి వాట్సాప్‌లో ఫార్వర్డ్ కొట్టేవాళ్ళకి దండం.

కొత్తగా పరీక్ష రాయాలా? వద్దు. పాత ప్రొబేషన్ ఆర్డర్ (తప్పు చేసినందుకు లైసెన్స్ మీద బోర్డు పెట్టిన షరతులు) ఎగిరిపోతాదా? పోదు, ఆశలు పెట్టుకోవద్దు.

అపోహ: ఇది మన ఐపీసీ పోయి బీఎన్‌ఎస్ వచ్చినట్టే.

వాస్తవం: కాదు. మోసం సెక్షన్ 420 పోయి 318 అయింది, నిజమే, కానీ బీఎన్‌ఎస్ ఒట్టి నంబర్ల మార్పు కాదు, సమాజ సేవ శిక్ష లాంటివి కొత్తగా చేర్చారు. కొలరాడోది సర్దడమే ఉద్దేశం. అట్లని "అర్థం మారలేదు" అని చట్టంలో రాసేస్తే కళ్ళు మూసుకుని నమ్మమని కూడా నేను చెప్పను. టెక్సాస్‌లో పన్నుల చట్టాన్ని అట్లే అర్థం మార్చకుండా సర్దామన్నారు, తీరా ఫ్లెమింగ్ ఫుడ్స్ కేసులో 1999లో అక్కడి సుప్రీంకోర్టు, కొత్త కోడ్‌లో మాటలు స్పష్టంగా ఉంటే అవే చెల్లుతాయి, పాత చట్టం వేరేగా ఉన్నా సరే అనింది. అదే 1999లో వృత్తుల చట్టాలు కూడా ఆక్యుపేషన్స్ కోడ్‌లోకి వచ్చాయి, నర్సులది చాప్టర్ 301. డాలస్ పోయే పిల్లలు పాత ఆర్టికల్ నంబర్లు పక్కన పెట్టి అది చదువుకోండి.

పాత లెటర్లు మాత్రం పారేయొద్దు, నంబర్ కొట్టేసి పెన్నుతో దిద్దొద్దు కూడా, దిద్దిన కాగితం చూస్తే నేనే ఫైల్ వెనక్కి పంపిస్తా. కవరింగ్ లెటర్‌లో పాత నంబర్, పక్కనే కొత్తది రాసి, బోర్డు సైట్‌లో లైసెన్స్ స్టేటస్ ప్రింట్ తీసి జత చేయండి. దానికి ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు.