డ్యాక్‌లోకి వాల్వు ఎలా వచ్చింది

తక్కువ ఖర్చులో డిజిటల్ సంగీతాన్ని చక్కగా వినాలని డ్యాక్ (డిజిటల్ అంకెలను ధ్వని సంకేతంగా మార్చే పరికరం) కొనబోయేవారికి, వాల్వు (గాజు గొట్టంలా ఉండే వాక్యూమ్ ట్యూబు) ఉన్నది తీసుకోవాలా, వాల్వు లేకుండా ట్రాన్సిస్టర్లు, చిప్పులతోనే నడిచే సాలిడ్ స్టేట్‌ది తీసుకోవాలా అనే సందేహం తప్పకుండా వస్తుంది. నిజానికి అంకెలను విద్యుత్ తరంగంగా మార్చే పనిని సాధారణంగా రెండింటిలోనూ సిలికాన్ చిప్పే చేస్తుంది. బజారులో దొరికే వాల్వు డ్యాక్‌లలో వాల్వు ఉండేది చిప్ తర్వాత, ఆంప్లిఫయర్‌కు ధ్వనిని అందించే చివరి అంచెలో మాత్రమే. అది అక్కడికి ఎందుకు చేరిందన్నదే ఈ ఎంపిక వెనక ఉన్న అసలు చరిత్ర.

లీ డి ఫారెస్ట్ 1906లో మూడు ఎలక్ట్రోడ్ల వాల్వును రూపొందించినప్పటి నుంచి, 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టి బజారుకు చేరేదాకా, ధ్వనిని పెంచే పని వాల్వులదే. స్విచ్ వేశాక కాసేపు వేడెక్కితే గాని పలకని రేడియోలు మన పెద్దలకు బాగా తెలుసు. ఆ కాలంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా వాల్వులు తయారుచేసింది. ట్రాన్సిస్టర్ చవకైనకొద్దీ అవి ఇళ్ల నుంచి తప్పుకున్నాయి.

వాటికి మళ్లీ చోటు కల్పించింది కాంపాక్ట్ డిస్కు. 1982 అక్టోబరులో సోనీ జపాన్‌లో సీడీపీ-101 అనే సీడీ ప్లేయర్‌ను విడుదల చేసింది. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి (ఒక్కో కొలత ఒక నమూనా), నమూనాకు 16 బిట్లతో రాయాలన్న ప్రమాణం వినికిడికి సరిపోయేదే అయినా, మనిషి వినగల హద్దయిన 20 కిలోహెర్ట్జ్ దాటిన వెంటనే అనవసరపు సంకేతాన్ని నిట్టనిలువుగా కోసేసే అనలాగ్ ఫిల్టర్లు ఆ తొలి యంత్రంలో తప్పనిసరయ్యాయి. ఫిలిప్స్ మాత్రం 14 బిట్ల చిప్పుతోనే నమూనాలను నాలుగింతలు చేసి, వడపోతలో చాలా భాగాన్ని డిజిటల్ దశకు మార్చింది. నా దృష్టిలో ఆనాటి తెలివైన పరిష్కారం అదే. అయినా సీడీ ధ్వని గరుకుగా ఉందన్న ఫిర్యాదు ఆగలేదు. ఆ ఫిల్టర్లతో పాటు, ఎల్‌పీ రికార్డుల కోసం సిద్ధం చేసిన టేపులనే సీడీలకూ వాడడం అందుకు మరో కారణం.

ఆ గరుకుదనానికి విరుగుడుగా 1980ల మధ్యలో అమెరికాలోని కాలిఫోర్నియా ఆడియో ల్యాబ్స్ సీడీ ప్లేయర్ చివరి అంచెలో వాల్వులు పెట్టింది. వాల్వు చేర్చే వక్రీకరణలో రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు పౌనఃపున్యం ఉన్న స్వరం) పాలు ఎక్కువగా ఉంటుంది. మధ్యస్థాయి షడ్జమానికి రెండో హార్మోనిక్ తారషడ్జమమే కాబట్టి, ఆ చేర్పు చెవికి అపస్వరంగా కాక నిండుదనంగా తోస్తుంది. ఇది భ్రమ కాదు, కాని రికార్డింగులో ఉన్నదీ కాదు.

ఈలోగా చిప్పులు ఎంతో మెరుగుపడ్డాయి. 2012లో అమెరికా సంస్థ షిట్ ఆడియో తెచ్చిన మోడీ అనే డ్యాక్ ధర 99 డాలర్లు. తర్వాత ఆపిల్ 9 డాలర్లకు అమ్మిన యూఎస్‌బీ-సీ హెడ్‌ఫోన్ అడాప్టర్‌లోని డ్యాక్ కూడా కొలతల్లో మంచి ఫలితాలే చూపింది. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెఓకాలో డ్యాక్ చిప్పులు చేసే ఏకేఎం సంస్థ కర్మాగారం కాలిపోయినప్పుడు, డ్యాక్ తయారీదారులు ఈఎస్‌ఎస్, సిర్రస్ లాజిక్ వంటి ఇతర సంస్థల చిప్పులకు మారి నాణ్యత తగ్గకుండా నెట్టుకొచ్చారు. వాల్వులకు అంత వెసులుబాటు లేదు. వాటి తయారీ ప్రధానంగా రష్యా, స్లొవేకియా, చైనాలలోని కొద్ది కర్మాగారాలకే పరిమితమైపోవడంతో, 2022 మార్చిలో రష్యా తన ఎగుమతులపై ఆంక్షలు పెట్టగానే ధరలు పెరిగాయి.

చిన్న బడ్జెట్‌కు అసలు చిక్కు వోల్టేజి దగ్గర ఉంది. వాల్వు సరిగా పనిచేయాలంటే సాధారణంగా వంద వోల్టులకు పైన కావాలి; అందుకు తగిన ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు, వాల్వును వేడెక్కించే హీటర్ తీగకు విడిగా విద్యుత్ సరఫరా కావాలి. ఈ ఖర్చు తప్పించడానికి చాలా చవక పెట్టెల్లో 6జే1 వంటి వాల్వులను కొద్దిపాటి వోల్టేజిపై నడిపి, వెలుగు కోసం కింద నారింజ రంగు ఎల్‌ఈడీ అమరుస్తారు. అందులో కొనేవారు డబ్బు చెల్లించేది ధ్వనికి కాదు, ఆ వెలుగుకు. సంగీతం కోసం పైసా పైసా కూడబెట్టుకునేవారికి ఇది అన్యాయం.

అందుకే బడ్జెట్ పరిమితంగా ఉన్నప్పుడు సాలిడ్ స్టేట్ డ్యాక్ కొని, మిగిలిన సొమ్ము హెడ్‌ఫోన్లకో స్పీకర్లకో పెట్టడం మేలు, ఎందుకంటే ధ్వనిలో పెద్ద తేడా తెచ్చేవి అవే. వాల్వు నిండుదనమే కావాలనిపిస్తే, తర్వాత డ్యాక్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య ఒక వాల్వు ప్రీఆంప్‌ను విడిగా చేర్చుకుని, వద్దనుకున్నప్పుడు తీసేయవచ్చు. అలా కొనేటప్పుడు యానోడ్ వోల్టేజి (వాల్వు నడిచే, పైన చెప్పిన వోల్టేజి) ఎంతో అడిగి తెలుసుకోవాలి. 12ఏయూ7, 6డీజే8 వంటి, విడిగా కూడా దొరికే రకం వాల్వు ఉన్నదే ఎంచుకోవాలి.