స్టాలిన్ బొమ్మ: దించారు, దాచారు, మళ్ళీ నిలబెడుతున్నారు

2025 మే నెలలో మాస్కోలోని తగాన్‌స్కాయా మెట్రో స్టేషన్‌లో సోవియట్ నాయకుడు స్టాలిన్ శిల్పాన్ని మళ్ళీ పెట్టారు. నిలువెత్తు బొమ్మ, చుట్టూ జనం ఆయన వైపు ఆరాధనగా చూస్తుంటారు. 1950లో అదే స్టేషన్‌లో పెట్టి 1960ల్లో తీసేసిన దానికి ఇది నకలు. కొందరు వచ్చి దాని కింద పూలు పెట్టారు. ఇంకొందరు స్టాలిన్‌ను తప్పుబడుతూ పుతిన్, మాజీ అధ్యక్షుడు మెద్వెదేవ్ ఒకప్పుడు అన్న మాటలనే కాగితాల మీద రాసి అక్కడే పెట్టి వెళ్ళారు. అంతకు నెల ముందే వోల్గోగ్రాద్ విమానాశ్రయం పేరును స్టాలిన్‌గ్రాద్ అని మార్చారు. జూలైలో రష్యా కమ్యూనిస్టు పార్టీ మహాసభ ఇంకో అడుగు వేసి, స్టాలిన్ తర్వాత గద్దెనెక్కిన కృశ్చేవ్ 1956లో ఆయన నేరాల మీద ఇచ్చిన నివేదికే తప్పు అని తీర్మానం చేసింది. చనిపోయి 72 ఏళ్ళు దాటిన మనిషి గురించి ఇంత గొడవ ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఇది మనకు పరాయి సంగతి కూడా కాదు. మా తాతగారి ఇంట్లో ముందు గదిలో నాలుగు పటాలు వరుసగా ఉండేవి: మార్క్స్, ఎంగెల్స్, లెనిన్, స్టాలిన్. చిన్నప్పుడు నాకు బాగా నచ్చింది నాలుగోదే, ఆ మీసం, ఆ కోటు, కళ్ళలో ఆ చిన్న నవ్వు. కృష్ణా, గుంటూరు, ఖమ్మం వైపు పాత పార్టీ ఊళ్ళలో స్టాలిన్ అని పేరున్నవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. పక్క రాష్ట్రంలో కరుణానిధి కొడుకు 1953 మార్చి 1న పుట్టాడు, అదే వారంలో స్టాలిన్ పోయాడు, పిల్లాడికి ఆ పేరే పెట్టారు. ఆ రోజుల్లో ఆ పేరు పెట్టుకున్నవాళ్ళ మనసులో ఉన్నది హిట్లర్‌ను ఓడించినవాడు, చెప్పులు కుట్టేవాడి కొడుకై ఉండి అంత దేశాన్ని ఏలినవాడు. అందులో అబద్ధం లేదు. కానీ అది కథలో సగం కూడా కాదు.

స్టాలిన్ జార్జియాలోని గోరి అనే చిన్న ఊళ్ళో 1878లో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు, తల్లి ఇళ్ళలో బట్టలు ఉతికి కొడుకును చదివించింది, క్రైస్తవ గురువు కావాలని పాఠశాలలో చేర్పించింది. అక్కడి నుంచి విప్లవంలోకి వెళ్ళాడు, 1922లో పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. మంచాన పడ్డ లెనిన్ ఆ శీతాకాలంలో రాయించిన లేఖలో ఈయన మరీ మొరటు మనిషి, ఆ పదవి నుంచి తప్పించే దారి చూడండి అని సలహా ఇచ్చాడు. ఆ లేఖను 1924లో పార్టీ ప్రతినిధుల దాకా రానిచ్చి అక్కడే ఆపేశారు. సోవియట్ జనం దాన్ని అచ్చులో చూసింది 1956లో.

తర్వాత వచ్చింది సమిష్టి వ్యవసాయం. కాగితం మీద చూస్తే రైతులంతా కలిసి ట్రాక్టర్లతో దున్నుకోవడం. ఊళ్ళో జరిగింది మాత్రం ఎడ్లనూ ఆవులనూ లాక్కోవడం, కాస్త ఉన్నవాణ్ణి కులక్ అని ముద్ర వేసి పెళ్ళాంబిడ్డలతో సహా సైబీరియా రైలెక్కించడం, పండినా పండకపోయినా చెప్పినంత ధాన్యం ఊడ్చుకుపోవడం. 1932 ఆగస్టు 7న ఒక చట్టం తెచ్చారు. సమిష్టి పొలంలో గింజ దొంగిలిస్తే కాల్చివేత, కరుణిస్తే పదేళ్ళ జైలు. జనం దాన్ని కంకుల చట్టం అన్నారు. మన దగ్గర కోత అయిపోయాక పేదవాళ్ళు పొలంలో పరిగె ఏరుకుంటే ఏ కాపూ కాదనడు కదా, అక్కడ ఆకలితో ఉన్న తల్లి పిల్లల కోసం నాలుగు కంకులు ఏరుకున్నా ఈ చట్టం కిందికే వచ్చేది. 1933 జనవరి 22న ఇంకో ఉత్తర్వు వచ్చింది, ఉక్రెయిన్, దక్షిణ రష్యాలోని కుబాన్ రైతులు తిండి కోసం పక్క ప్రాంతాలకు వెళ్ళకూడదు, రైలు టికెట్లు ఇవ్వకూడదు అని. అప్పటికే జనం పిట్టల్లా రాలిపోతున్నారు. ఆ రెండేళ్ళూ విదేశాలకు ధాన్యం ఎగుమతి ఆగలేదు, ఏడాదికి 15 లక్షల టన్నులకు పైగా పోయింది. ఉక్రెయిన్‌లో 35 లక్షల మందికి పైగా చనిపోయారు, కజకిస్తాన్‌లో దాదాపు 15 లక్షలు. మందలే బతుకుగా ఉన్న కజక్ జాతిలో మూడో వంతుకు పైగా తుడిచిపెట్టుకుపోయింది. వాళ్ళ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, అది నాకు ఎప్పుడూ బాధే.

ఇదంతా అమెరికావాళ్ళ ప్రచారం అనే మాట నేను చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. అందుకే ఈ సంగతి తప్పక చెప్పాలి. 1937 జనవరిలో సోవియట్ ప్రభుత్వమే జనాభా లెక్కలు తీసింది. 17 కోట్లు దాటాలని అనుకుంటే 16.2 కోట్లే తేలింది. ఆ లెక్కల్ని బయటపెట్టనివ్వలేదు, లెక్క తీసిన అధికారుల్ని అరెస్టు చేశారు, జనగణన విభాగం అధిపతి ఒలింపీ క్విత్కిన్‌ను కాల్చి చంపారు. 1939లో మళ్ళీ లెక్క తీయించి 17 కోట్లు చూపించారు. అంటే ఆకలి చావుల సంగతి కాగితం మీదికి తెచ్చింది శత్రువులు మాత్రమే కాదు, ఆ దేశపు గుమాస్తాలు కూడా.

అదే 1937 జూలై 30న రహస్య పోలీసులకు 00447 నంబరు ఉత్తర్వు వెళ్ళింది. అందులో ఒక్కో ప్రాంతానికి కోటా ఉంది. మొదటి కేటగిరీ అంటే కాల్చివేత, రెండో కేటగిరీ అంటే క్యాంపు. జిల్లాకు ఇన్ని ఎరువు బస్తాలు అన్నట్టు ఇంతమంది చావాలి అని అంకెలు. స్థానిక అధికారులు మా కోటా అయిపోయింది, పెంచండి అని మాస్కోకు రాసేవాళ్ళు, మాస్కో పెంచేది. ఆ రెండేళ్ళలో, 1937, 38ల్లో, వాళ్ళ సొంత రికార్డుల ప్రకారమే 6,81,692 మందికి మరణశిక్ష పడింది. మాస్కో శివార్లలో బుతోవో అనే ఒక్క మైదానంలోనే 14 నెలల్లో 20 వేల మందికి పైగా. కాస్త పెద్ద హోదా ఉన్నవాళ్ళ పేర్లతో విడిగా 383 జాబితాలు తయారయ్యాయి, దాదాపు 44 వేల పేర్లు, కోర్టుకు వెళ్ళకముందే శిక్ష ఖరారు. వాటిలో చాలా వాటి మీద పెన్సిల్‌తో స్టాలిన్ సంతకం ఉంది. కింద మొలొతోవ్ వగైరా నాయకుల సంతకాలు. ఇంటివాళ్ళు వచ్చి అడిగితే పదేళ్ళ శిక్ష, ఉత్తరాలు రాసే హక్కు లేదు అని చెప్పేవాళ్ళు. ఆ ముక్క చెప్పారంటే మనిషి అప్పటికే లేడని అర్థం.

అలా పోయినవాళ్ళలో మన హైదరాబాద్ మనిషి ఒకాయన ఉన్నాడు. వీరేంద్రనాథ్ ఛటోపాధ్యాయ, సరోజినీ నాయుడి తమ్ముడు, నిజాం కాలేజీకి పునాది వేసిన అఘోరనాథ్ గారి కొడుకు. చదువు కోసం ఇంగ్లండ్ వెళ్ళి, స్వాతంత్ర్య పోరాటంలో పడి మళ్ళీ ఇల్లు చూడలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో భారత విప్లవకారుల బెర్లిన్ కమిటీని నడిపాడు, తర్వాత కమ్యూనిస్టు అయ్యాడు, 1930ల మొదట్లో ఇక తనకు నిలువనీడ సోవియట్ దేశమే అనుకుని వెళ్ళి లెనిన్‌గ్రాద్‌లో మానవజాతి పరిశోధన సంస్థలో భారత విభాగంలో పనిచేశాడు. 1937 జూలైలో పట్టుకెళ్ళారు. సెప్టెంబర్ 2న కాల్చేశారు. తర్వాత నిర్దోషి అని తేల్చారు. అవని ముఖర్జీ అనే ఇంకో భారత విప్లవకారుడిదీ అదే ఏడాది అదే గతి. నాంపల్లి దగ్గర వాళ్ళ గోల్డెన్ త్రెషోల్డ్ ఇల్లు ఇప్పటికీ ఉంది. సరోజిని గురించి అందరికీ తెలుసు, ఆమె తమ్ముడి గురించి పార్టీ ఇళ్ళలో పెరిగిన మాక్కూడా ఎవరూ చెప్పలేదు.

ఇక యుద్ధం. స్టాలిన్‌ను వెనకేసుకొచ్చేవాళ్ళు ఎప్పుడైనా వచ్చి ఆగేది ఇక్కడే, వాళ్ళ మాటలో బలం కూడా ఉంది. నాజీ సైన్యం వెన్ను విరిచింది ఎర్రసైన్యమే. 1943 ఫిబ్రవరి 2న స్టాలిన్‌గ్రాద్‌లో జర్మన్లు లొంగిపోకపోతే ప్రపంచం ఇంకోలా ఉండేది. వాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ఆ గెలుపు కోసం 2.7 కోట్ల మంది సోవియట్ ప్రజలు చచ్చిపోయారు, యుద్ధానికి ముందే తుఖచేవ్‌స్కీ లాంటి సేనానుల్ని చంపేసింది, 1939 ఆగస్టులో హిట్లర్‌తో ఒప్పందం చేసుకుంది, దాడి వస్తోందని ఎంతమంది చెప్పినా నమ్మనిది ఆయనే. 1940 మార్చి 5న దాదాపు 22 వేల మంది పోలండ్ బందీలను చంపించే కాగితం మీద సంతకం పెట్టాడు. అదే కాతిన్ మారణకాండ. ఆ నేరం జర్మన్ల మీదికి నెట్టి 1990లో సోవియట్ చివరి నాయకుడు గోర్బచేవ్ ఒప్పుకునేదాకా దాదాపు యాభై ఏళ్ళు అబద్ధమాడారు. 1944లో చెచెన్లనూ ఇంగుష్‌లనూ, క్రిమియా తాతార్లనూ ముసలీ ముతకా పసిబిడ్డలతో సహా పశువుల పెట్టెల్లో మధ్య ఆసియాకు తోలేశారు. వాళ్ళ మగవాళ్ళు చాలామంది అప్పటికి ఎర్రసైన్యంలోనే పోరాడుతున్నారు.

1953 మార్చి 5న పోయాడు. మూడేళ్ళకు, 1956 ఫిబ్రవరి 25న, కృశ్చేవ్ మూసిన తలుపుల వెనక నాలుగు గంటలు చదివిన నివేదికతో బొమ్మ దించడం మొదలైంది. అయితే అదీ సగమే. పార్టీ నాయకుల్ని చంపించాడన్నాడు కానీ చచ్చిన రైతుల ఊసెత్తలేదు, ఆ రోజుల్లో తన పాత్ర సంగతీ ఎత్తలేదు. వారాల్లోపే జార్జియా రాజధాని త్బిలిసీలో మా బిడ్డను అవమానించారని జనం రోడ్డెక్కారు, సైన్యం కాల్చింది, పదుల మంది పోయారు. అక్కడి నుంచి జార్జియాలో స్టాలిన్ సంగతి కమ్యూనిజం కంటే సొంత ఊరి పౌరుషంతో ముడిపడిపోయింది. 1961 అక్టోబర్ 31 రాత్రి ఆయన శవాన్ని లెనిన్ పక్క నుంచి తీసి క్రెమ్లిన్ గోడ దగ్గర పాతిపెట్టారు, కొద్ది రోజుల్లో స్టాలిన్‌గ్రాద్ కాస్తా వోల్గోగ్రాద్ అయింది. చైనా దీన్ని ఒప్పుకోలేదు. మన దగ్గర 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలడానికి కారణాలు చాలా ఉన్నా ఈ తగాదా నీడ కూడా ఉంది. ఆ తర్వాత స్టాలిన్ పటం ఉంచినవాళ్ళూ తీసేసినవాళ్ళూ వేరువేరు ఆఫీసుల్లో కూర్చున్నారు.

తెలుగువాళ్ళకు ఆయనతో నేరుగా పడ్డ ముడి ఒకటుంది. 1951 మొదట్లో కమ్యూనిస్టు నాయకులు చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే రహస్యంగా మాస్కో వెళ్ళి ఆయన్ను కలిశారు. చైనాకు వెనక దన్నుగా సోవియట్ నేల ఉంది, మీకు ఆ దన్ను లేదు, చైనా దారి, అంటే పల్లెల నుంచి సాయుధ పోరాటం, మీకు సరిపోదు అన్నది ఆయన వాదన. ఆ అక్టోబర్‌లో తెలంగాణ సాయుధ పోరాటం విరమించారు. నల్లగొండ పల్లెల్లో ప్రాణాలొడ్డినవాళ్ళ భవిష్యత్తు మీద మాట క్రెమ్లిన్ గదిలో నడిచిందంటే ఆయన మాటకు మనవాళ్ళు ఎంత విలువ ఇచ్చారో అర్థమవుతుంది.

రెండు పొరపాట్లు కూడా సరిచేయాలి, రోజూ వినపడుతుంటాయి కాబట్టి. చెక్క నాగలితో ఉన్న దేశాన్ని చేతికి తీసుకుని అణుశక్తితో వదిలి వెళ్ళాడు అని చర్చిల్ పొగిడాడంటారు. ఆ వాక్యం చర్చిల్‌ది కాదు, 1953లో స్టాలిన్ పోయినప్పుడు చరిత్రకారుడు ఐజాక్ డాయిషర్ రాసింది, ఆయన స్టాలిన్‌ను గట్టిగా విమర్శించినవాడు. రెండోది, మనకు అందిన సోవియట్ సాయం స్టాలిన్ చలవే అన్న మాట. భిలాయ్ ఒప్పందం 1955, హైదరాబాద్ ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ 1960ల నాటిది, విశాఖ ఉక్కు ఒప్పందం 1979. అన్నీ స్టాలిన్ పోయాక వచ్చినవే. బతికున్న రోజుల్లో నెహ్రూ ప్రభుత్వాన్ని ఆయన పట్టించుకున్నది తక్కువ. మొదటి రాయబారి విజయలక్ష్మీ పండిట్‌కు ఒక్కసారి కూడా దర్శనం ఇవ్వలేదు, తర్వాత వెళ్ళిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌తో మాత్రం రెండుసార్లు మాట్లాడాడు.

గోర్బచేవ్ వచ్చాక తాళాలు తెరుచుకున్నాయి. 1989లో మెమోరియల్ అనే సంస్థ పుట్టింది, శాస్త్రవేత్త సఖారోవ్ దాని మొదటి అధ్యక్షుడు. చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే వెతికి లక్షల మందితో జాబితా చేశారు. 1930 నుంచి 1953 దాకా గులాగ్ అనే వెట్టిచాకిరీ క్యాంపుల్లోకి దాదాపు 1.8 కోట్ల మంది వెళ్ళారనీ, కనీసం 15 లక్షల మంది లోపలే పోయారనీ చెప్పడానికి ఆధారం ఇలా బయటపడ్డ కాగితాలే. కానీ అవే 1990ల్లో జీతాలు అందక, పెన్షన్లు కరిగిపోయి జనం రోడ్డున పడ్డారు. స్టాలిన్ ఉంటే ఈ దొంగల్ని ఒక్క రోజులో సరిచేసేవాడు అనే మాట అప్పుడు పుట్టింది, అలా అన్న ముసలివాళ్ళను నేను తప్పుపట్టలేను. ఆ మాటను పెంచి పోషించింది మాత్రం తర్వాతి ప్రభుత్వం. యుద్ధ విజయాన్ని దేశానికి మతంలా చేశాక, ఆ గెలుపు పటంలో స్టాలిన్ లేకుండా కుదరలేదు. 2017లో పుతిన్ మాస్కోలో బాధితుల స్మారకం ఆవిష్కరించాడు, 2021 డిసెంబర్ 28న సుప్రీంకోర్టు మెమోరియల్‌ను మూసేయమంది. మరుసటి ఏడాది ఆ సంస్థకు నోబెల్ శాంతి బహుమతిలో వాటా వచ్చింది. స్టాలిన్ పాత్ర మంచిదేనన్నవాళ్ళు 2019లో లెవాదా అనే రష్యా సంస్థ చేసిన సర్వేలో 70 శాతం.

గోరిలో ఈ తగువంతా ఒక్క వీధిలో కనపడుతుంది. ఆయన పుట్టిన చిన్న ఇంటిని కదలకుండా ఉంచి దాని మీద గుడి మండపంలా పాలరాతి స్తంభాలు లేపారు. పక్కనే పచ్చ రంగు సొంత రైలు పెట్టె, మ్యూజియంలో ఒక చీకటి గదిలో చనిపోయాక ముఖం మీద పోసి తీసిన అచ్చు. ఊరి మధ్య ఉన్న విగ్రహాన్ని 2010 జూన్‌లో అర్ధరాత్రి ఎవరికీ చెప్పకుండా తీసేశారు, పగలు తీస్తే ఊరుకోరని. 2024 జనవరిలో త్బిలిసీ పెద్ద చర్చిలో ఒక సాధ్వి పటంలో ఒక మూల స్టాలిన్ బొమ్మ ఉందని బయటపడింది. చర్చిల్ని కూలగొట్టించినవాడు చర్చి గోడెక్కాడు. ఒకావిడ దాని మీద రంగు చల్లింది, ఆవిడ ఇంటి ముందు జనం మూగారు.

మాస్కోలో రహస్య పోలీసుల పాత భవనం ఎదురుగా సోలోవ్కీ ఖైదీల క్యాంపు నుంచి తెచ్చిన రాయి ఒకటి ఉంది. 2007 నుంచి ప్రతి అక్టోబర్ 29న జనం అక్కడ వరుస కట్టి, చలిలో గంటలు నిలబడి, మైకు దగ్గరికి వచ్చి ఒక్కో కాగితం చదివేవాళ్ళు. పేరు, వయసు, చేసిన పని, కాల్చిన తేదీ. అంతే. చివర్లో కొందరు తమ తాత పేరో అవ్వ పేరో కలిపేవాళ్ళు. 2020 నుంచి ఆ రాయి దగ్గర అలా చదవనివ్వడం లేదు, జనం పూలు పెట్టి వెళ్ళిపోతున్నారు. వాళ్ళు చదివే తీరులోనే మన మనిషి పేరు రాయాలంటే ఇలా ఉంటుంది: వీరేంద్రనాథ్ ఛటోపాధ్యాయ, 56 ఏళ్ళు, పరిశోధకుడు, హైదరాబాద్‌లో పుట్టాడు, 1937 సెప్టెంబర్ 2న కాల్చివేశారు.