చెరువు కట్ట మీదికి వచ్చే పిలకాయలకు

తిరుపతి

చిన్నోడికీ, అమ్మణ్ణికీ అవ్వ ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో రాయలచెరువు కట్టకు సైకిళ్లు తీసుకుపోదాం అనగానే చిన్నోడు ఫోన్‌లో అడిగిన మొదటి మాట, "అవ్వా, రౌండు ఎన్ని కిలోమీటర్లు?" అని. దానికి ఫోన్‌లో ఒక ముక్కలో జవాబు చెప్పలేం. అందుకే ఈ ఉత్తరం. బస్సులో కూర్చున్నాక చదువుకోండి, ఇప్పుడు హోంవర్క్ మానేసి కాదు.

రౌండు లేదు నాయనా. బెంగుళూరులో మీరు ఆదివారాలు నడిచే శాంకీ చెరువుకు చుట్టూ దారి ఉంది, తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వస్తారు. 1882లో ఊరికి నీళ్లు చాలక కట్టించిన చెరువు అది. ఊరు పెరిగి నాలుగు వైపులా మూసుకునేసరికి చుట్టూ దారి వేయడానికి వీలైంది. మన పల్లె చెరువులకు కట్ట ఒక్క వైపే ఉంటుంది. కొంచెం ఒరిగించి పట్టుకున్న పళ్లెంలో రసం ఒక పక్కకు చేరుతుందే, చెరువులో నీళ్లూ అంతే. పల్లంవైపు అడ్డంగా మట్టికట్ట వేస్తే నీళ్లు దానికి ఆనుకుని నిలుస్తాయి. ఎగువ వైపు లోతు తగ్గుతూ తగ్గుతూ పోయి, ఎక్కడ చెరువు అయిపోయి ఎక్కడ చేను మొదలైందో తెలియకుండా కలిసిపోతుంది. ఆ అంచు నెలనెలా జరుగుతుంది కూడా. మన జిల్లాకు వానల్లో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల్లోనే పడుతుంది కాబట్టి, సంక్రాంతికి చెరువు నిండుగా ఉంటుంది. మేలో అదే చోట గొర్రెలు మేస్తుంటాయి. ఎగువన దారి వేస్తే జనవరిలో అది నీళ్లలో ఉంటుంది, ఎండాకాలంలో నీళ్లకు ఆమడ దూరంలో ఉంటుంది. కాబట్టి కట్ట ఈ కొస నుంచి ఆ కొసకు పోవడం, మళ్లీ అదే దారిన రావడం. పోయేటప్పుడు సైకిల్ మీద పోండి, వచ్చేటప్పుడు దిగి నడిపించుకుంటూ రండి. సైకిల్ మీద గాలి తెలుస్తుంది, చెరువు తెలియదు.

రాయలచెరువు రామచంద్రాపురం మండలంలో ఉంది. కొండల మధ్య పల్లాన్ని చూసుకుని కట్టిన చెరువు, విజయనగర రాయల కాలం నాటిదని, ఐదు వందల ఏళ్ల పైమాటేనని చెబుతారు. తిరుపతి ఊళ్లో రైల్వే గేటు, అండర్ బ్రిడ్జి అని మనం తిట్టుకునే రాయలచెరువు రోడ్డుకు ఆ పేరు వచ్చింది ఈ చెరువు వల్లే.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, టీచరుగా పనిచేసినదాన్ని కదా, నోరు ఊరుకోదు. తిరుమల గుడి గోడల మీద వందల కొద్దీ శాసనాలు ఉన్నాయి. 15, 16 శతాబ్దాల శాసనాల్లో ఒక పద్ధతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఎవరో ఒక భక్తుడు స్వామికి రోజూ నైవేద్యం జరగాలని శ్రీభండారంలో, అంటే గుడి ఖజానాలో, ఇన్ని పణాలు (ఆనాటి నాణేలు) కడతాడు. ఆ డబ్బును పెట్టెలో పెట్టి తాళం వేయరు. గుడికి చెందిన పల్లెల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి, బాగు చేయించడానికి ఖర్చు పెడతారు. నీళ్లు వచ్చాక పెరిగిన పంటలో నుంచి ఆ నైవేద్యం ఏటేటా నడుస్తుంది. ప్రసాదంలో కొంత భాగం ఆ దాతకు, అతని తర్వాత అతని వంశం వాళ్లకు. బ్యాంకు లేని రోజుల్లో ఎంత గట్టి లెక్కో చూడండి! చంద్రగిరి కోటలో రాజమహల్ చూసి అందరూ ఫొటోలు దిగుతారు. నన్నడిగితే ఈ ప్రాంతంలో రాయల కాలం వాళ్లు వదిలిపోయిన పెద్ద ఆస్తి ఈ మట్టికట్టలు. మహల్ ఇప్పుడు మ్యూజియం. చెరువు ఇంకా పనిలోనే ఉంది.

కట్ట మీద ఏం చూడాలో చెబుతాను. నీళ్లవైపు వాలు అంతా రాళ్లు పరిచి ఉంటాయి. గాలికి లేచే అలలు రోజంతా కొడుతుంటే మట్టి కోసుకుపోకుండా ఆ రాళ్లు కాపాడతాయి. అందుకే వాటిని పీకి నీళ్లలోకి విసరకండి. మీ మామ చిన్నప్పుడు ఆ పని చేసి నాయన చేతిలో దెబ్బలు తిన్నాడు, కావాలంటే అడగండి. తర్వాత తూము. పాత చెరువుల్లో కట్టకు కొంచెం లోపలగా, నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలబడి, వాటికి అడ్డంగా రాతి పలకలు ఉంటాయి. కొత్తవాళ్లు దాన్ని పాడుబడిన మంటపం అనుకుంటారు. ఆ పలకల మధ్యలో ఉన్న కంతల గుండా పొడవాటి కర్ర దిగి, అడుగున తూము నోటికి బిరడాలా బిగుస్తుంది. కర్ర పైకి లాగితే నీళ్లు కట్ట అడుగున రాతి కాలువలో నుంచి అవతలికి, పైర్లకు పోతాయి. ఎవరి మడికి ఎంతసేపు వదలాలో చూసేవాడు నీరుగంటి. మా ఊరి నీరుగంటికి గడియారం లేదు, నీడ చూసి పంచేవాడు. ఆయనతో తగవు పెట్టుకున్న రైతును నేను చూడలేదు, గొణుక్కున్నవాళ్లను మాత్రం చాలామందిని చూశాను.

కట్ట ఒక కొసన మొరవ ఉంటుంది. చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పోవడానికి రాయితో కట్టిన దారి. అదే లేకపోతే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లాయంటే గంటల్లో తెగిపోతుంది. మొరవ పోయిన నీళ్లు వృథా అనుకోకండి, అవి వంకలో పడి కింది ఊరి చెరువుకు చేరతాయి. అది నిండితే ఇంకో కింది చెరువుకు. అందుకే వీటిని గొలుసుకట్టు చెరువులు అంటారు. పై ఊరివాళ్లు మొరవ మీద ఇసుక మూటలు పేర్చి నీళ్లు ఎక్కువ నిలుపుకుంటే కింది ఊరివాళ్లు కర్రలతో వచ్చేవాళ్లు. మొరవ పారుతున్నప్పుడు చూడ్డానికి బాగుంటుంది, సెల్ఫీలకు జనం ఎగబడతారు. మీరు గట్టు మీద నిలబడి చూడండి చాలు. మోకాలి లోతు లేకపోయినా ఉరవడిగా పారే నీళ్లు పెద్దమనిషిని కూడా పడేస్తాయి, సైకిల్ ఒక లెక్కా?

ఇంకొకటి. కట్ట అవతలి వైపు, అంటే పొలాలవైపు దిగువన, అక్కడక్కడా తడి కనిపిస్తుంది. మట్టికట్టకు కొంత ఊట మామూలే. ఊరే నీళ్లు తేటగా ఉంటే భయం లేదు. బురదగా ఉంటే మాత్రం లోపల కట్ట మట్టి కొంచెం కొంచెంగా కొట్టుకొస్తోందని అర్థం. ఎలుక బొక్కలు, చచ్చిన చెట్ల వేళ్లు వదిలిన కంతలు అలాంటి దారులు చేస్తాయి. 2021 నవంబరులో వాయుగుండం వచ్చి తిరుపతి వీధులన్నీ ఏరులైనప్పుడు, స్వర్ణముఖి నది పొంగినప్పుడు, రాయలచెరువు కట్టకు ఇలాగే లీకు పడింది. కింది పల్లెల జనాన్ని రాత్రికి రాత్రి ఎత్తైన చోట్లకు పంపారు. ఇసుక మూటలు వేసి, కట్టను గట్టిచేసి, నీళ్లు తగ్గించి మొత్తానికి కాపాడుకున్నారు. ఆ నాలుగు రోజులు మాకు టీవీ ముందు ఒకటే టెన్షన్. మనవాళ్లు చాలామంది ఆ కిందే ఉన్నారు కదా. మీరు సైకిల్ తొక్కే ఆ దారి కింద అంత బరువైన నీళ్లను ఒక మట్టిగోడ ఆపుతోందని గుర్తుపెట్టుకుని తొక్కండి.

ఇక సైకిళ్ల సంగతి. తిరుపతి నుంచి తొక్కుకుంటూ పోవద్దు. రోడ్డు మీద లారీలు, టెంపోలు, గుండు కొట్టించుకున్నవాళ్లతో తిరుగు ప్రయాణంలో ఉన్న వ్యాన్లు. సైకిళ్లను చిన్న ట్రాలీ ఆటోలో వేసుకుని కట్ట దాకా పోదాం. సన్న టైరు రేసు సైకిల్ మట్టిదారికి పనికిరాదు, లావు టైరుది తెచ్చుకోండి, గాలి మరీ బిర్రుగా కొట్టించకండి. కొంచెం మెత్తగా ఉంటే గులకరాళ్ల మీద పట్టు ఉంటుంది. కట్ట ఎక్కే ఏటవాలు మొదలవకముందే గేరు తగ్గించుకోవాలి, సగం ఎక్కాక మారిస్తే చైను ఊడుతుంది. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టకండి. గొర్రెల మంద వస్తే బెల్లు కొట్టవద్దు, బెదిరితే అన్నీ నీళ్లవైపు దిగుతాయి. దిగి పక్కకు నిలబడితే కాపరి తోలుకుపోతాడు. సర్కారు తుమ్మ ముల్లు గుచ్చుకోవడం మాత్రం ఖాయం. కట్టల పొడవునా అదే కంప. పంక్చర్ ప్యాచీలు, చిన్న పంపు తప్పకుండా ఉండాలి. ట్యూబు ఎక్కడ పోయిందో చూడ్డానికి నీళ్లు కావాలంటే పక్కనే చెరువుంది కదా అంటారేమో, దిగొద్దు. బాటిల్లో నీళ్లు పోసుకోండి.

నీళ్లలోకి దిగవద్దని మళ్లీ చెబుతున్నాను, ఈత వచ్చినా సరే. ఎండాకాలంలో చెరువు ఎండినప్పుడు మట్టి కోసం జేసీబీలతో తవ్వుతారు. వానలు పడ్డాక ఆ గుంతలు పైకి కనిపించవు. చీలమండల లోతు అనుకుని నాలుగడుగులు వేస్తే ఐదో అడుగు తాటిచెట్టు లోతు. ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట సెలవులకు వచ్చిన పిల్లల కథ ఇలాగే ముగుస్తుంది.

పక్షులు కావాలంటే పొద్దున ఎనిమిదిలోపే చూడాలి. కానీ చెరువు అడవి కొండను ఆనుకుని ఉంటే మరీ చీకట్లో వద్దు. శేషాచలం కొండల అంచుల్లో చిరుతలూ ఏనుగులూ తిరుగుతాయి. తెల్లారాక పోతే నీటికాకులు రెక్కలు చాపి ఎండలో ఆరబెట్టుకుంటూ కనిపిస్తాయి. లకుముకి పిట్ట తూము రాయి మీద కూర్చుంటుంది, దానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. ఎగువ అంచున, లోతు తక్కువ ఉన్నచోట కొంగలు నిలబడి ఉంటాయి. చెరువు చుట్టూ సిమెంటు దారి వేసి, కంచె కట్టి, లైట్లు పెట్టి "అభివృద్ధి చేశాం" అని బోర్డు పెడితే నాకు ఒళ్లు మండేది ఇందుకే. ఆ పల్చని అంచే పిట్టలకు తిండి దొరికే చోటు, వరదొస్తే చెరువు ఒళ్లు విరుచుకునే చోటు కూడా. కట్ట మీద ఎంత నడకదారైనా వేసుకోండి, బెంచీలు పెట్టుకోండి, మా మోకాళ్లకూ మంచిదే. ఎగువ వైపు మాత్రం వదిలేయాలి.

అమ్మణ్ణి అడిగిన గులాబీ రంగు పక్షులు ఇక్కడ ఉండవు. ఆ ఫ్లెమింగోల కోసం సూళ్లూరుపేట పోవాలి. 2022లో జిల్లాలు విడిపోయాక పులికాట్ సరస్సులో మన వైపు భాగం తిరుపతి జిల్లాలోకే వచ్చింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు ఉప్పునీళ్ల మధ్యలో సాగుతుంది, రెండు పక్కలా పక్షులే. ఆ నీళ్లలోని నాచు, చిన్న రొయ్యలు తినడం వల్లే వాటికి ఆ రంగు. ఆ రోడ్డు మీద సైకిల్ వద్దు, కారు ఆపుకుని చూద్దాం. దగ్గర్లోనే నేలపట్టు ఉంది, అదీ ఒక ఊరి చెరువే. నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే ఎరువు వేసినట్టేనని అక్కడి రైతులు వాటి జోలికి పోరు. అది ఇంకో రోజు పని, ఒకే రోజులో రెండూ కుదరవు.

మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం, ఉడకబెట్టిన చెనక్కాయలు నేను కడతాను. చిప్స్ ప్యాకెట్లు తేవద్దు, కవర్లు గాలికి ఎగిరి తూములో ఇరుక్కుంటాయి. మీ అమ్మతో చెప్పి రెండు సైకిళ్ల టైరు సైజు ఎంతో రాసి పంపండి, ట్యూబులు ఇక్కడే కొని పెడతాను. టైరు పక్కన అంకెలు ఉంటాయి, బురద తుడిచి చూడండి.

మీ
అవ్వ